గంతకు తగ్గ బొంత, ఇంజనుకు తగ్గ గేర్‌బాక్సు

పోయిన సంక్రాంతికి చోడవరం వెళ్ళేసరికి ఇంటి ముందు కొత్త కారు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. కొత్తదంటే నిజంగానే కొత్తది, కొని ఐదు నెలలు కూడా కాలేదు. మీటరు చూస్తే పద్నాలుగు వందల కిలోమీటర్లు. "ఏం నాన్నా, బండి తియ్యట్లేదా?" అనడిగితే పేపర్లోంచి తలెత్తకుండానే "నాకు వయసైపోనాది రా. ఆ బండి నా మాట ఇనదు. అమ్మేసీ" అన్నారు.

ఈ మాట ఇంకెవరైనా అనుంటే పట్టించుకునేవాణ్ణి కాదేమో. మా నాన్న ఇరవై రెండేళ్ళు లారీ తోలిన మనిషి. నా చిన్నప్పుడు గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి క్రషింగ్ సీజన్లో చెరుకు తోలేవారు. నిండు లోడుతో మట్టిరోడ్డు మీంచి మెయిన్ రోడ్డెక్కే చోట, బండిని ఒక్క అంగుళం కూడా వెనక్కి రానివ్వకుండా హాఫ్ క్లచ్చి మీద నిలబెట్టడం నేను క్లీనరు సీట్లో కూర్చుని చూశాను. ఇంజను చప్పుడు విని గేరు మార్చేవారు. ఆ లారీలో పనిచేసే మీటరు ఒక్కటీ ఉండేది కాదు లెండి, వినక తప్పేది కాదు :)

రెండేళ్ళ క్రితం ఆయనకి ఎడం మోకాలు ఆపరేషనయింది. క్లచ్చి తొక్కడం కష్టంగా ఉందని పాత కారు అమ్మేశాం. ఆటోమేటిక్ అయితే ఎడం కాలికి పనే ఉండదు కదా అని ఈ కారు నేనే ఎంచాను. ఎలా ఎంచానంటారా? మనవాళ్ళందరం ఎలా ఎంచుతామో అలాగే. ఎక్సెల్ షీటు. ధర ఒక కాలమ్, మైలేజీ ఒక కాలమ్, ఎయిర్‌బ్యాగులు ఒక కాలమ్, చివర్లో 'ఆటోమేటిక్: అవును / కాదు' అని ఇంకో కాలమ్. ఆ చివరి కాలమ్ బూలియన్ అనుకోవడమే నేను చేసిన తప్పు.

అసలు ఏం జరిగిందో అక్క చెప్పింది. కార్తీక మాసంలో వనభోజనాలకని అమ్మ, నాన్న, అక్క, బావ, మేనల్లుడు కలిసి పాడేరు బయల్దేరారట. వడ్డాది, మాడుగుల దాటేవరకూ ఏ ఇబ్బందీ లేదు. ఘాట్ రోడ్డు మొదలయ్యాక ఒక మలుపులో ముందున్న బస్సు ఆగింది. నాన్న బ్రేకు నొక్కారు. బస్సు కదిలాక బ్రేకు వదిలి యాక్సిలరేటర్ మీదకి కాలు తెచ్చేలోపే బండి వెనక్కి జారింది. వెనక జీపువాడు ఒకటే హారన్. కంగారులో గట్టిగా తొక్కితే ఒక క్షణం ఏమీ కాలేదు, తర్వాత ఒక్క ఉదుటున ముందుకి దూకింది. ఇంకో రెండు మలుపులు పోయేసరికి క్లచ్చి కాలిన వాసన. అప్పుడు బావ "మావయ్యా, మీరిలా రండి, నేను తోల్తాను" అని స్టీరింగు తీసుకున్నాడు. పాపం, మంచికే అన్నాడు. కానీ నాన్న తిరుగు ప్రయాణంలో కూడా పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటకే చూస్తున్నారట. ఇంటికొచ్చాక తాళం మేకుకి తగిలించారు. అంతే.

విని ముందు బాధేసింది, తర్వాత సిగ్గేసింది. సిగ్గెందుకంటే, నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. చేసేది జావా అనుకోండి, అది వేరే సంగతి. మనలో సగం మంది కథ అదేగా. కాలేజీలో టార్క్ కన్వర్టర్ బొమ్మ వేసి పది మార్కులు తెచ్చుకున్నాను గానీ, దాని అవసరమేంటో నాకు అర్థమైంది మాత్రం అమెరికాలో, ఒక పెద్దాయన గ్యారేజీలో.

2023లో ప్రాజెక్టు పని మీద ఒక ఏడాది డెట్రాయిట్ శివార్లలో ఉన్నాను. అక్కడ ఆగస్టు వచ్చిందంటే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల జాతర. నిజంగా జాతరే. వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అంటారు, 1995లో మొదలైంది. 1960ల్లో కుర్రాళ్ళు రాత్రిళ్ళు సిగ్నలు నుంచి సిగ్నలుకి పందేలు వేసుకున్న రోడ్డది. మా క్లయింటు టీములో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒకాయన దగ్గర 1970 మోడల్ షెవర్లే షెవెల్ ఉండేది. వి8 ఇంజను, టర్బో హైడ్రామాటిక్ 350 అనే మూడు గేర్ల ఆటోమేటిక్. నేను మెకానికల్ అని తెలిసి ఓ శనివారం ఇంటికి పిలిచాడు. నాకేదో తెలుసనుకున్నాడు పాపం.

ఆయన బాధేంటంటే, అంతకుముందు ఆ కారు కొనుక్కున్నవాడెవడో ఇంజన్లో రేసు రకం క్యామ్‌షాఫ్టు వేయించాడు. కాగితం మీద హార్స్‌పవర్ పెరిగింది. రోడ్డు మీద మాత్రం సిగ్నల్ దగ్గర పక్కన మినీవ్యాను కూడా దాటిపోయేది. డ్రైవ్‌లో పెట్టి ఆపితే ఇంజను వణికి ఆగిపోబోయేది. గేర్లు ఆలస్యంగా, తన్నినట్టు పడేవి. ఒకరు కార్బురేటరు మార్చమన్నారు, ఒకరు ఇగ్నిషన్ అన్నారు, ఇంకొకరు ఇంజను మొత్తం విప్పాలన్నారు. అన్నీ అయ్యాయి. జబ్బు తగ్గలేదు.

ఇంజనులో తప్పేం లేదు. గేర్‌బాక్సులోనూ తప్పు లేదు. ఆ రెంటికీ పొంతన కుదరలేదు, అంతే.

కొంచెం విడమర్చి చెప్తాను. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు నూనె, ఫ్యాన్ల బదులు రెక్కల చక్రాలు అనుకుంటే అదే టార్క్ కన్వర్టర్. ఇంజను ఒక చక్రాన్ని తిప్పుతుంది, రెండోది గేర్‌బాక్సుని తిప్పుతుంది. మధ్యలో స్టేటర్ అని మూడో చక్రం ఉంటుంది. తిరిగొచ్చే నూనెని సరైన దిక్కుకి మళ్ళిస్తుందది. దాని పుణ్యమా అని బండి కదిలే క్షణంలో ఇంజను ఇచ్చిన టార్క్ దాదాపు రెండింతలై చక్రాలవైపు వెళ్తుంది. బండి వేగం అందుకునేకొద్దీ ఆ లాభం తగ్గిపోతుంది.

ఇందులో స్టాల్ స్పీడ్ అని ఒకటుంది. అవతలి చక్రం కదలకుండా ఉన్నప్పుడు ఇంజను ఎన్ని ఆర్‌పీఎం దాకా లేవగలదో అది. మామూలు కన్వర్టర్లలో రెండువేల లోపే. ఇక క్యామ్‌షాఫ్టు సంగతి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంతసేపు తెరిచి ఉండాలో నిర్ణయించేది అదే. రేసు క్యామ్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో ఇంజను గుండెల నిండా గాలి పీలుస్తుంది, తక్కువ ఆర్‌పీఎంలో దగ్గుతుంది. ఈయన ఇంజనుకి 2,500 దాటాకే ప్రాణం వచ్చేది. కన్వర్టరేమో దాన్ని 1,700 దగ్గరే పట్టుకుని "పద పద" అనేది. నిద్ర లేవనివ్వకుండానే పనిలోకి తోసినట్టన్నమాట.

ఇంకో తమాషా. ఆ గేర్‌బాక్సు ఇంజను మీద ఎంత బరువు పడుతోందో తెలుసుకోవడానికి ఇంజను వాక్యూమ్‌ని చూస్తుంది. వాక్యూమ్ తగ్గిందంటే డ్రైవరు గట్టిగా తొక్కుతున్నాడని దాని లెక్క. రేసు క్యామ్ ఉంటే మామూలుగానే వాక్యూమ్ తక్కువ. అంచేత గేర్‌బాక్సు ఎప్పుడూ "అయ్యో, బండి కొండెక్కుతోంది" అనుకుని గేరు ఆలస్యంగా, గట్టిగా వేసేది. మానిటరింగ్‌లో తప్పుడు మెట్రిక్ పెట్టుకుని రాత్రి రెండింటికి అలర్టులందుకునే మనకి ఈ బాధ చెప్పక్కర్లేదనుకుంటా.

చివరికి ఆయన 2,800 దగ్గర స్టాలయ్యే కన్వర్టరు వేయించాడు, వెనక యాక్సిల్ రేషియో 2.73 నుంచి 3.55కి మార్చాడు, వాక్యూమ్ మాడ్యులేటరు సరిచేశాడు. ఇంజనుని ముట్టుకోలేదు. అదే కారు, ఆ ఆగస్టులో వుడ్‌వర్డ్ మీద సిగ్నల్ పడగానే ఎలా లేచిందో నేను పక్క సీట్లో కూర్చుని చూశాను. ఆయన ముఖం కూడా చూశాను. "ఇన్నాళ్ళూ దీన్ని అనవసరంగా తిట్టాను" అన్నాడు.

ఆ తర్వాత నాకు ఈ పిచ్చి పట్టుకుంది. చదివినకొద్దీ తెలిసిందేంటంటే, కార్ల చరిత్రలో పెద్ద పెద్ద కంపెనీలే ఈ పొంతన దగ్గర బోల్తా పడ్డాయి, పొంతన కుదిరినప్పుడు అద్భుతాలూ చేశాయి.

1953లో షెవర్లే కార్వెట్ వచ్చింది. పేరుకి స్పోర్ట్స్ కారు. ఆరు సిలిండర్లు, 150 హార్స్‌పవర్, కానీ గేర్‌బాక్సు మాత్రం పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్. కుటుంబాల కార్లకోసం మెత్తగా పోవాలని చేసిన పెట్టె అది. స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళు ముఖం చిట్లించారు. 1955లో వి8 వచ్చాక గానీ ఆ కారుకి పేరు రాలేదు.

బ్యూక్ వాళ్ళ దారి వేరు. 1948లో వాళ్ళు తెచ్చిన డైనాఫ్లో ఆటోమేటిక్ మామూలుగా గేర్లే మార్చదు, అంతా కన్వర్టరే చూసుకుంటుంది. మెత్తగా ఉంటుంది, మందంగా కూడా ఉంటుంది. అలాంటి పెట్టెకి ఎక్కువ ఆర్‌పీఎంలో ఎగిరే ఇంజను పనికిరాదు, కింద నుంచే తోసే ఇంజను కావాలి. వాళ్ళ 'నెయిల్‌హెడ్' వి8 సరిగ్గా అలాంటిదే. చిన్న వాల్వులు, తక్కువ ఆర్‌పీఎంలో బోలెడు టార్క్. దాని 401 క్యూబిక్ ఇంచుల రకం మీద 'వైల్డ్‌క్యాట్ 445' అని రాసుండేది. ఆ 445 హార్స్‌పవర్ కాదు, ఇంజను సైజూ కాదు. టార్క్! మన లెక్కలో 600 న్యూటన్ మీటర్ల పైనే. ఇంజనుకి టార్క్ పేరే పెట్టుకున్నారంటే ఏం అమ్ముతున్నారో వాళ్ళకి తెలుసన్నమాట.

1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ సంగతి చూడండి. 6.4 లీటర్ల ఇంజను, కుర్రకారు కలల కారు. ఆటోమేటిక్ అడిగితే మాత్రం రెండు గేర్లదే ఇచ్చేవారు, మొదటి గేరు రేషియో 1.76. 1967లో దాని బదులు మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 400 పెట్టారు, మొదటి గేరు 2.48. గేరు ఒక్కటే లెక్కేసినా కదిలేటప్పుడు నలభై శాతం ఎక్కువ లాగుడు. అప్పటినుంచి ఆటోమేటిక్ జీటీఓని ఆడవాళ్ళ బండి, ముసలాళ్ళ బండి అనడం తగ్గింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1987 బ్యూక్ గ్రాండ్ నేషనల్. టర్బో వి6, 245 హార్స్‌పవర్. మాన్యువల్ అడిగినా ఇవ్వరు, నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే. ఎందుకంటే టర్బోకి ఊపందుకోవడానికి కొంచెం టైము కావాలి. కన్వర్టరుంటే బ్రేకు నొక్కి పట్టుకుని, ఇంకో కాలితో యాక్సిలరేటర్ తొక్కి, బండి కదలకముందే బూస్టు తెప్పించొచ్చు. గేరు మారినప్పుడు యాక్సిలరేటర్ వదలక్కర్లేదు కాబట్టి బూస్టు పడిపోదు. ఆటోమేటిక్ అంటే రాజీ అనుకునేవాళ్ళకి ఆ కారు సమాధానం.

మన దేశంలో ఇలాంటివి లేవా అంటే, ఆటోమేటిక్‌లు కాకపోయినా పొంతన కథలు ఉన్నాయి. 1984లో హిందుస్తాన్ మోటార్స్ కాంటెసా వచ్చినప్పుడు అంత పెద్ద బాడీలో అంబాసిడర్ 1,489 సీసీ ఇంజనే పెట్టారు. ఏనుగుకి ఎద్దు గుండె. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజను, ఐదు గేర్లు వచ్చాక అదే కారుని జనం నెత్తిన పెట్టుకున్నారు.

సరే, మళ్ళీ మా నాన్న కారు దగ్గరికి వద్దాం. అది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన రోడ్ల మీదకొచ్చిన రకం. నిజానికి అందులో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్చి నొక్కడం, గేరు మార్చడం మన బదులు ఒక మర చేస్తుంది. చవక, మైలేజీ పోదు, ట్రాఫిక్‌లో సుఖం. తప్పుపట్టాల్సిన వస్తువేం కాదు. కానీ అందులో టార్క్ కన్వర్టర్ లేదు. కదిలే క్షణంలో టార్క్ రెండింతలవడం అనేది లేదు. ఇంజనా, లీటరుది, మూడు సిలిండర్లు. ఆ తరగతి ఇంజన్లకి టార్క్ సుమారు 90 న్యూటన్ మీటర్లు, అది కూడా మూడు వేల ఆర్‌పీఎం దాటాక. ఐదుగురు మనుషులు, ఏసీ, నిట్టనిలువు మలుపు. పైగా కంప్యూటరుకి మైలేజీ కోసం త్వరగా రెండో గేరు వెయ్యమని నేర్పారు. వేస్తుంది, ఇంజను చాలదు, మళ్ళీ ఒకటికి వస్తుంది, మళ్ళీ రెండు. ఆటోస్కేలింగ్‌లో స్కేల్ అప్, స్కేల్ డౌన్ థ్రెషోల్డులు దగ్గరదగ్గరగా పెడితే సర్వర్లు పుడుతూ చస్తూ ఉంటాయి చూడండి, అచ్చం అదే. ప్రతిసారీ మధ్యలో అరిగేది క్లచ్చి.

అంటే ఆ రోజు ఘాట్ రోడ్డులో జారింది నాన్న చెయ్యి కాదు. నా ఎక్సెల్ షీటు.

కనుమ మర్నాడు ఇదంతా నాన్నకి చెప్పాను. కాగితం మీద బొమ్మ వేసి, ఫ్యాన్ల కథ చెప్పి, క్లచ్చి, మర, కంప్యూటరు అన్నీ. ఆయన ఓపిగ్గా విని, "అంటే ఇది లారీయే కదరా. క్లచ్చి తొక్కడానికి లోపలొక క్లీనరు కూకున్నాడు. ఆడికి ఘాటీ తెలీదు. అంతేనా?" అన్నారు.

నాలుగేళ్ళ ఇంజనీరింగు, ఒక ఏడాది అమెరికా, ఇంతా కలిపి నేను చెప్పలేకపోయిన మాట అది.

"అంతే నాన్నా. కానీ ఆడికి మనం చెప్పొచ్చు" అని గేరు లీవరుని పక్కకి తోస్తే వచ్చే మాన్యువల్ మోడ్ చూపించాను. అందులో క్లచ్చి పని మరదే, గేరు ఏదో మనమే చెప్తాం. నాన్న అప్పటిదాకా దాన్ని ముట్టుకోలేదు. ఆటోమేటిక్ అని కొనిచ్చిన వెధవని నేనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే ఐదుగురు, అదే రోడ్డు. బావే ముందు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు, మంచివాడు. నేను వెనక బైకు మీద, ఏమైనా అయితే అని. ఘాట్ మొదలవ్వగానే నాన్న ఏసీ కట్టేసి కిటికీ దించారట. ఎందుకని అక్క అడిగితే "ఇంజను ఇనాల కదే" అన్నారట. మలుపు రాకముందే ఒకటో గేరు వేసి, మలుపు దాటి ఇంజను గొంతు పెరిగాక రెండు వేసుకుంటూ పోయారు. ఒక చోట ఎదురుగా లారీ వస్తే ఆగాల్సొచ్చింది. వెనకనుంచి నాకు బ్రేకు లైట్లు కనిపించాయి. గుండె కొంచెం ఆగింది. హ్యాండ్ బ్రేకు వేశారు, ఇంజను కొద్దిగా లేచింది, వదిలారు. బండి ఒక్క అంగుళం వెనక్కి రాలేదు. క్లీనరు సీట్లో కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి.

తిరిగొచ్చేటప్పుడు మాడుగులలో హల్వా కొని, డబ్బులు నాన్నే ఇచ్చారు. నా చేతిలో పొట్లం పెట్టి "బండి మంచిదేలే" అన్నారు. నాకు కావాల్సింది ఆ మాట కాదు గానీ, దాని వెనకున్న మాట వినిపించింది.

అలాగని నా ఎంపిక సరైందేనని చెప్పుకోవట్లేదు. మళ్ళీ కొనాల్సొస్తే, ఇంకో రెండేళ్ళు ఆగైనా సరే, కింద నుంచే టార్క్ ఇచ్చే టర్బో ఇంజనుకి టార్క్ కన్వర్టర్ ఉన్నది తీసుకుంటాను. కనీసం హిల్ హోల్డ్ అయినా ఉండేలా చూస్తాను. మా బండి అనకాపల్లి, వైజాగ్ తిరగడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది, ఘాట్ రోడ్డుకి బతిమాలుకోవాలి. మీరు అమ్మానాన్నలకి ఆటోమేటిక్ కొనే ఆలోచనలో ఉంటే 'ఉందా లేదా' అని అడక్కండి. ఏ రకం? ఇంజనుకి బలం ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తుంది? తిరిగే రోడ్డు ఎలాంటిది? ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతాయా? షోరూము ముందు చదునైన రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్ చేసి సంతకం పెట్టకండి. ఫ్లైఓవరు ఎక్కించండి, మధ్యలో ఆపండి, మళ్ళీ కదిలించండి. ముఖ్యంగా, నడిపేది ఎవరో వాళ్ళనే నడపమనండి.

అన్నట్టు, అమ్మ నాకు సంబంధాలు చూస్తోంది. మొన్న ఫోన్లో "నీకెలాంటి పిల్ల కావాలో ఆ కంప్యూటర్లో ఏదో షీటు చేస్తావు కదా, చేసి పంపు" అంది.

చెయ్యనని చెప్పేశాను.